ఇంట్లోనే కారు షాక్ అబ్జార్బర్లు మార్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వానాకాలం వెళ్లిపోయి రోడ్ల మీద గుంతలు మిగిలినప్పుడల్లా ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఇవి స్విఫ్ట్, బాలెనో, ఐ20, పోలో వంటి చిన్న కార్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఈ కార్లలో ముందు వైపు స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే ముక్కగా కలిసి ఉంటాయి. దాన్ని మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అంటారు. వెనక వైపు రెండు చక్రాలనూ కలిపే ఇరుసు బీమ్ ఉంటుంది, దాని మీద స్ప్రింగు ఒకచోట, షాక్ అబ్జార్బర్ మరోచోట ఉంటాయి. నా సలహా అంతా ఈ తేడా మీదే ఆధారపడింది. వెనకవాటిని ఓపిక, సరైన పనిముట్లు ఉన్న ఎవరైనా ఇంట్లో మార్చుకోవచ్చు. ముందువాటిలో స్ప్రింగు విప్పే పనిని మాత్రం షెడ్డుకే వదిలేయాలి.

## పాడయ్యాయో లేదో తేల్చుకోవడం

కారు బరువును మోసేది షాక్ అబ్జార్బరేనా?

కాదు. బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచిన స్ప్రింగు దాని మానాన దాన్ని వదిలేస్తే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేదే షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో నూనె ఉంటుంది. రాడ్డు చివర ఉన్న పిస్టన్ ఆ నూనెలో పైకీ కిందికీ కదులుతుంది. పిస్టన్‌కున్న సన్నటి దారుల గుండా నూనె బలవంతంగా వెళ్లాల్సి రావడంతో కదలిక నెమ్మదిస్తుంది, ఊపులోని శక్తి వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద చాలాసేపు నడిపి ఆపాక షాక్ గొట్టం వెచ్చగా ఉండేది అందుకే. లోపలి సీలు, వాల్వులు అరిగినా, నూనె కారిపోయినా ఈ అడ్డుకునే శక్తి తగ్గిపోతుంది.

అవి అరిగిపోయాయని నడుపుతుంటే ఎలా తెలుస్తుంది?

అరుగుదల నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి రోజూ నడిపేవారు దానికి అలవాటు పడిపోతారు. చాలా రోజుల తర్వాత మీ కారు ఎక్కిన బంధువు ముందుగా గుర్తుపడతారు. స్పీడ్ బ్రేకర్ దాటాక కారు ఒక్కసారి కుదురుకోకుండా రెండు మూడు సార్లు ఊగుతుంది. బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి వంగుతుంది. మలుపులో ఒరుగుతుంది. హైవే మీద వేగంగా వెళ్తూ కల్వర్టు ఎక్కి దిగినప్పుడు వెనక భాగం తేలిపోయినట్టు, పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది. వీటన్నిటికన్నా నేను ఎక్కువ నమ్మే గుర్తు టైరు. టైరు మీద చేయి పెట్టి చుట్టూ తడమండి. కొంచెం కొంచెం దూరంలో గుంటలు గుంటలుగా అరిగి ఉంటే చక్రం రోడ్డు మీద నిలవకుండా ఎగురుతోందని అర్థం. చక్రం బ్యాలెన్సింగ్ తప్పినా ఇలాంటి అరుగుదల వస్తుంది, కాబట్టి దాన్ని కూడా ఒకసారి చూపించుకోవాలి.

బానెట్ మీద నొక్కి వదిలే పరీక్షను నమ్మవచ్చా?

సగమే నమ్మాలి. ఒక మూలను గట్టిగా నొక్కి వదిలితే కారు పైకి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే ఆ మూల షాక్ పోయిందని నిశ్చయంగా చెప్పవచ్చు. ఊగకపోతే మాత్రం బాగుందని చెప్పలేం. చేత్తో నొక్కినప్పుడు వచ్చే కదలిక చాలా నెమ్మది, రోడ్డు మీద గుంత ఇచ్చే దెబ్బ చాలా వేగం. సగం అరిగిన షాక్ ఈ పరీక్షలో సులభంగా గట్టెక్కుతుంది.

షాక్ మీద నూనె తడి కనబడింది. వెంటనే మార్చాలా?

తడి ఎంత ఉందో చూడాలి. రాడ్డు పైకీ కిందికీ ఆడేటప్పుడు సన్నటి నూనె పొర బయటికి రావడం మామూలే. దాని మీద దుమ్ము పట్టి పైభాగం మసకగా కనిపిస్తుంది. దానికి భయపడక్కర్లేదు. నూనె గొట్టం పొడవునా కిందికి జారి, చుక్కలుగా నిలిచి ఉంటే సీలు పోయినట్టే. అనుమానంగా ఉంటే గుడ్డతో శుభ్రంగా తుడిచి, వారం రోజులు నడిపి మళ్లీ చూడండి. మళ్లీ తడిసిపోతే మార్చాల్సిందే. ఆ తడి పక్కనున్న బ్రేకు గొట్టం నుంచో, ఇంజను శక్తిని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్ట్ మీది రబ్బరు బూటు చిరిగి వచ్చిన గ్రీజు నుంచో వచ్చిందేమో కూడా చూసుకోండి.

చిన్న చిన్న గతుకుల్లో కటకటమని చప్పుడు వస్తోంది. షాకే పోయిందా?

చాలాసార్లు కాదు. తక్కువ వేగంలో, చిన్న గతుకుల్లో వచ్చే కటకట చప్పుడుకు ఎక్కువగా స్టెబిలైజర్ లింకులు (కారు ఒరగకుండా ఆపే కడ్డీని కలిపే చిన్న రాడ్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్‌లోని రబ్బర్లు), దాని చివరనుండే బాల్ జాయింట్లు కారణం. లింకును చేత్తో పట్టుకుని ఊపితే వదులు తెలిసిపోతుంది. అది మార్చడం చవక, పని కూడా చిన్నది. స్టీరింగు తిప్పుతున్నప్పుడు ముందు నుంచి టక్కుమని శబ్దం వస్తూ, స్ప్రింగు తిరిగి సర్దుకున్నట్టు అనిపిస్తే స్ట్రట్ పైనుండే బేరింగును అనుమానించాలి. షాక్‌లు కొనడానికి ముందు వీటిని చూసుకోకపోతే డబ్బు ఖర్చయి చప్పుడు అలాగే మిగిలిపోతుంది.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

దీనికి గీత గీసినట్టు ఒక అంకె లేదు. 80,000 కిలోమీటర్లు దాటాక ప్రతి సర్వీసులో ప్రత్యేకంగా పరీక్షించడం మంచి అలవాటు. నాలుగు వరుసల హైవే మీదే తిరిగే కారుకు లక్ష దాటినా బాగుండవచ్చు. ఇసుక లారీలు తిరిగే రోడ్ల మీద, ఎప్పుడూ నిండా మనుషులతో, సామానుతో వెళ్లే కారుకు 50,000 దగ్గరే పోవచ్చు. మీటరు అంకె చూసి కాదు, లక్షణాలు చూసి మార్చండి.

ఇంకొన్నాళ్లు ఇలాగే నడిపితే ఏమవుతుంది?

టైర్లు ముందుగా పాడవుతాయి, తర్వాత బుష్‌లు, మౌంట్లు (షాక్‌ను బాడీకి పట్టే బిగింపులు) ఒక్కొక్కటిగా వదులవుతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి బ్రేకులది. చక్రం నేలను గట్టిగా పట్టుకున్నప్పుడే బ్రేకు పనిచేస్తుంది. అది ఎగురుతూ ఉంటే గతుకుల రోడ్డు మీద బండి ఆగే దూరం పెరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా సరిగా సాయపడలేదు. వాన నీటిలో ఇది మరీ ప్రమాదం. దీన్ని కేవలం సుఖానికి సంబంధించిన విషయంగా చూసేవారికి నేను పదే పదే చెప్పేది ఇదే.

కారు వెనక దిగబడినట్టుంది. కొత్త షాక్‌లు వేస్తే పైకి లేస్తుందా?

లేవదు. ఎత్తును నిర్ణయించేది స్ప్రింగు. కారు ఒకవైపు ఒరిగినా, వెనక దిగినా స్ప్రింగు అలసిపోయిందో, దాని చుట్టు విరిగిందో చూడాలి. స్ప్రింగు కింది చివరి చుట్టు విరిగి, అది కూర్చునే గిన్నెలోనే (దీన్నే స్ప్రింగు సీటు అంటారు) దాక్కుని ఉండటం తరచుగా జరుగుతుంది. టార్చి వేసి చూస్తే కనబడుతుంది.

## విడిభాగాలు కొనడం

ఒక్కటే కారుతోంది. ఒక్కటే మారిస్తే సరిపోదా?

సరిపోదు. ఒకే ఇరుసు మీద కుడి ఎడమలు రెండూ కలిపి మార్చాలి. ఒకవైపు కొత్తది గట్టిగా అడ్డుకుని, రెండోవైపు పాతది వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపులో కారు రెండు వైపులా రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. ముందువి బాగుండి వెనకవే పోతే వెనక జత మాత్రమే మార్చవచ్చు, నాలుగూ అక్కర్లేదు. ప్రమాదం వల్ల దాదాపు కొత్తగా ఉన్న జతలో ఒకటి పాడైతే మాత్రం ఒక్కటే మార్చినా తప్పులేదు.

కార్ల కంపెనీ విడిభాగమే కొనాలా, బయటి బ్రాండ్ కొనవచ్చా?

రెండూ కొనవచ్చు. గాబ్రియేల్, మోన్రో, కేవైబీ వంటివి షాక్‌లు తయారుచేసే కంపెనీలే. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఇలాంటి విడిభాగాలు అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. కొనేటప్పుడు కారు పేరు చెప్పి ఊరుకోకండి. తయారైన సంవత్సరం, పెట్రోలా డీజిలా, మోడల్ రకం కూడా చెప్పాలి. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ కాబట్టి ముందు స్ట్రట్లు చాలా కార్లలో వేరుగా ఉంటాయి. ముందువాటిలో కుడి ఎడమలు కూడా వేరు. పాతదాని మీదున్న నంబరును ఫోనులో ఫొటో తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలు. బిల్లు తప్పకుండా తీసుకోండి. బిల్లు ఇవ్వలేనంత చవకగా దొరికే షాక్‌ను నేను కారుకు బిగించను.

ఆయిల్ షాక్ మంచిదా, గ్యాస్ షాక్ మంచిదా?

గ్యాస్ షాక్‌లోనూ నూనే పనిచేస్తుంది. గ్యాస్ అంటే ఒత్తిడితో నింపిన నైట్రోజన్. వరుస గతుకుల్లో పిస్టన్ వేగంగా ఆడినప్పుడు నూనెలో బుడగలు పుట్టి షాక్ మెత్తబడిపోతుంది. ఆ బుడగలను నైట్రోజన్ ఒత్తిడి అణచి ఉంచుతుంది. కారుతో ఏ రకం వచ్చిందో అదే వేయడం సులువైన నిర్ణయం. ఒక ఇరుసు మీద ఒకవైపు ఒకటి, రెండోవైపు మరొకటి మాత్రం వేయకూడదు.

పాతదాన్నే విప్పి నూనె నింపి ఇస్తామంటున్నారు. చేయించవచ్చా?

వద్దు. ఈ కార్ల షాక్‌లు మూతి మూసేసి వచ్చేవి, విప్పి కట్టడానికి తయారుచేసినవి కావు. గొట్టం కోసి, నూనె పోసి, వెల్డింగు పెట్టిన షాక్‌లో లోపలి వాల్వులు అరిగినవే ఉంటాయి. కొన్ని వారాలు బాగున్నట్టు అనిపించి మళ్లీ మొదటికి వస్తుంది. గ్యాస్ ఉన్నదాన్ని కోయడం కోసేవారికీ ప్రమాదమే.

షాక్‌తో పాటు ఇంకేమేమి కొనాలి?

రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు బంప్ స్టాప్, దాన్ని కప్పే డస్ట్ బూటు తప్పకుండా కొత్తవి వేయాలి. బంప్ స్టాప్ చితికిపోతే కొత్త షాక్ లోహం లోహానికి తగిలి తొందరగా పోతుంది. బూటు చిరిగితే దుమ్ము రాడ్డు మీద చేరి సీలును కోస్తుంది. ముందువైపైతే పై మౌంటు, అందులోని బేరింగు కూడా మార్చండి. అవి విడిగా మార్చాలంటే మళ్లీ స్ట్రట్ అంతా విప్పాల్సిందే. ఒకసారి విప్పిన సెల్ఫ్ లాకింగ్ నట్లను మళ్లీ వాడకండి, కొత్తవి తెచ్చుకోండి.

## పని మొదలుపెట్టే ముందు

ఏ పనిముట్లు కావాలి?

ట్రాలీ జాకీ, రెండు జాక్ స్టాండ్లు, చక్రాలకు అడ్డంపెట్టే దిమ్మెలు ముందుగా సమకూర్చుకోండి. తర్వాత 12 నుంచి 19 మిల్లీమీటర్ల వరకు రింగ్ పానాలు, సాకెట్లు, బిగుసుకున్న బోల్టుకు పొడవాటి పిడి, అలెన్ కీలు, టార్క్ రెంచ్ (నట్టును ఎంత బిగించాలో అంతే బిగించడానికి వాడే పానా), తుప్పు వదిలించే స్ప్రే, వైరు బ్రష్షు. చక్రం నట్టుకు మారుతి కార్లలో 19, హ్యుందాయ్ కార్లలో 21 సాకెట్ కావాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. కింద పడుకుని పైకి చూసినప్పుడు రాలేది తుప్పు పొడే, అది నేరుగా కంట్లో పడుతుంది. టార్క్ రెంచ్ ఖరీదనిపిస్తే తెలిసినవారి దగ్గర ఒక రోజుకు అడిగి తెచ్చుకోండి, అది లేకుండా మాత్రం చేయకండి.

కారుతో వచ్చిన జాకీ సరిపోదా? కింద ఇటుకలు పెడితే చాలదా?

చాలదు. ఈ జవాబును దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. కారుతో వచ్చే జాకీ దారిలో స్టెప్నీ మార్చుకోవడానికి మాత్రమే. పక్క నుంచి చిన్న తోపు తగిలినా అది ఒరిగిపోతుంది. షాక్ మార్చేటప్పుడు బిగిసిన బోల్టును మీరే బలంగా లాగుతారు, కారు కదిలేది సరిగ్గా అప్పుడే. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పైకి గట్టిగా కనిపిస్తాయి గానీ బరువు ఒక అంచు మీద పడితే చెప్పకుండా పగిలిపోతాయి. ట్రాలీ జాకీ కూడా లేపడానికే, నిలబెట్టడానికి కాదు. దాని సీలు లీకైతే కారు దిగిపోతుంది. లేపాక బాడీ కింద మాన్యువల్‌లో చూపిన గట్టి చోట్ల జాక్ స్టాండ్లు పెట్టి, వాటి మీద బరువు దింపి, కారును చేత్తో ఊపి చూడండి. కదలకపోతేనే పని మొదలుపెట్టండి. తీసిన చక్రాన్ని బాడీ అంచు కింద పడుకోబెడితే అదనపు రక్షణ. స్టాండ్లు దొరకని రోజు పనిని వాయిదా వేయండి.

వెనక వైపు ఎత్తేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేస్తే చాలు కదా?

చాలదు. హ్యాండ్‌బ్రేక్ పట్టుకునేది వెనక చక్రాలనే, అవి గాలిలో ఉంటే దానివల్ల లాభం లేదు. వెనక ఎత్తితే కారును మొదటి గేరులో ఉంచి, ముందు చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. ముందు ఎత్తినప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టాలి. నేల సమంగా, గట్టిగా ఉండాలి. మట్టి నేల, వాలు ఉన్న ర్యాంపు పనికిరావు. టైల్స్ మీద స్టాండు కాళ్లు జారకుండా కింద మందపాటి చెక్క పలక వేయండి.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేసుకోవచ్చా?

నేల గట్టిగా ఉండి, పక్క కారుకు తగలనంత చోటు ఉంటే చేసుకోవచ్చు. ముందుగా అసోసియేషన్ వారికి ఒక మాట చెప్పండి. పిల్లలు ఆడుకునే సమయంలో మాత్రం వద్దు. స్టాండ్ల మీద ఉన్న కారు దగ్గరికి బంతి కోసం ఒక్క పిల్లవాడు దూరినా ప్రమాదమే. ఆదివారం తెల్లవారుజామున మొదలుపెట్టడం మేలు. పని మధ్యలో కారును వదిలి భోజనానికి వెళ్లాల్సి వస్తే చక్రాలు తగిలించి కిందికి దించి వెళ్లండి.

విశాఖలో ఉంటాం, బోల్టులన్నీ తుప్పు పట్టాయి. ఎలా?

సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో ఇది ఎప్పుడూ ఉండే సమస్యే. రెండు రోజుల ముందు నుంచే పూటకొకసారి స్ప్రే కొట్టి నాననివ్వండి. బయటికి వచ్చిన మరను వైరు బ్రష్షుతో శుభ్రం చేశాకే నట్టు తిప్పాలి, లేకపోతే తుప్పు మరలోనే ఇరుక్కుంటుంది. బిగుసుకుపోతే కొంచెం వెనక్కి బిగించి మళ్లీ వదులు చేయండి. ఆరు మూలల సాకెట్టే వాడండి, పన్నెండు మూలలది నట్టు తలను గుండ్రంగా చేసేస్తుంది. రబ్బరు బుష్, బ్రేకు గొట్టం, నూనె ఉన్న షాక్ దగ్గర మంట పెట్టి వేడిచేయకండి.

మొదటిసారి చేస్తే ఎంత సమయం పడుతుంది?

వెనక జతకు సగం రోజు కేటాయించండి. ముందు స్ట్రట్లయితే షెడ్డుకు వెళ్లి రావడంతో కలిపి రోజంతా పడుతుంది. మర్నాడు ఉదయం కారు అవసరమయ్యే రోజు పెట్టుకోవద్దు.

## వెనక షాక్‌లు మార్చేటప్పుడు

పని ఏ వరసలో చేయాలి?

చక్రం నట్లు నేల మీదే కొంచెం వదులు చేయండి. కారును లేపి రెండు వైపులా స్టాండ్లు పెట్టి చక్రాలు తీయండి. ట్రాలీ జాకీని, మధ్యలో చెక్క ముక్క పెట్టి, ఇరుసు బీమ్‌లో స్ప్రింగు కూర్చునే చోటి కింద ఆనించి చాలా కొద్దిగా పైకి ఎత్తండి. దీంతో షాక్ మీది లాగుడు పోతుంది. పై బిగింపు కొన్ని కార్లలో డిక్కీలోపలి ప్లాస్టిక్ ట్రిమ్ వెనక ఉంటుంది, కొన్నింటిలో చక్రం గూడులోనే ఉంటుంది. పైది విప్పి, తర్వాత కింది బోల్టు తీస్తే షాక్ చేతికి వస్తుంది. వాషర్లు, రబ్బర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పే ముందే ఫొటో తీసుకోండి. కొత్తదాన్ని ముందు పైన, తర్వాత కింద తగిలించండి. ఒకవైపు కొత్తదాన్ని పైనా కిందా తగిలించాకే రెండోవైపు ముట్టుకోండి.

కింది బోల్టు తీయగానే స్ప్రింగు ఎగిరిపడుతుందా?

ఇరుసుకు జాకీ ఆసరా ఉంటే పడదు. చాలా కార్లలో ఇరుసు ఎంత కిందికి దిగాలో అదుపు చేసేది షాకే. ఆసరా లేకుండా బోల్టు తీస్తే ఇరుసు ఒక్కసారిగా కిందికి పడుతుంది, స్ప్రింగు సీటులోంచి జారి బయటికి రావచ్చు, బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు సాగిపోతాయి. రెండు వైపులా ఒకేసారి విప్పకూడదనే నియమం కూడా ఇందుకే. కొన్ని కార్లలో వెనక కూడా స్ప్రింగు షాక్ చుట్టూ ఉంటుంది. మీది అలాంటిదైతే స్ప్రింగు విప్పే పని మీరు చేయకండి.

పై నట్టు తిప్పితే రాడ్డు కూడా దానితో తిరుగుతోంది. ఏం చేయాలి?

రాడ్డు కొనలో అలెన్ కీ పట్టే రంధ్రమో, పానా పట్టేలా రెండు చదును పలకలో ఉంటాయి. దాన్ని ఒక చేత్తో కదలకుండా పట్టుకుని రింగ్ పానాతో నట్టు తిప్పాలి. కొత్త షాక్ బిగించేటప్పుడు మాత్రం మెరిసే రాడ్డును ప్లయర్‌తో, పైపు రెంచ్‌తో ఎప్పుడూ పట్టుకోవద్దు. గుడ్డ చుట్టి పట్టుకున్నా గీత పడుతుంది. ఆ గీత సీలును కోస్తూ పోతే కొత్త షాక్ కూడా కొద్ది నెలల్లో కారడం మొదలవుతుంది.

కొత్త షాక్‌ను బిగించే ముందు చేత్తో పంపు కొట్టాలంటారు. అవసరమా?

అవసరమే. దుకాణంలో, లారీలో అది అడ్డంగా పడుకుని ఉంటుంది కాబట్టి గాలి నూనె ఉండాల్సిన గదిలోకి చేరి ఉండవచ్చు. కారుకు ఎలా నిలబడుతుందో అలాగే రాడ్డు పైకి ఉండేలా నిలబెట్టి, నెమ్మదిగా పూర్తిగా నొక్కి, పూర్తిగా లాగండి. నాలుగైదు సార్లు చేస్తే మధ్యలో ఖాళీగా జారినట్టుండే చోటు పోయి కదలిక అంతటా ఒకేలా అవుతుంది. తర్వాత మళ్లీ పడుకోబెట్టకుండా బిగించేయండి.

కొత్త షాక్ పొడవుగా ఉండి కింది రంధ్రం కలవడం లేదు. తప్పు విడిభాగమా?

చాలావరకు కాదు. గ్యాస్ షాక్ కట్టిన పట్టీ కోయగానే రాడ్డు దానంతట అదే పూర్తిగా బయటికి వస్తుంది. పైభాగం తగిలించి, కింది కన్నును (బోల్టు దూరే రంధ్రమున్న చివరను) చేత్తో నొక్కుతూ, ఇరుసు కింది జాకీని కొద్దికొద్దిగా పైకీ కిందికీ సర్దితే రంధ్రాలు కలుస్తాయి. కలిశాయో లేదో స్క్రూడ్రైవర్ దూర్చి చూడండి, వేలు పెట్టి చూడకండి. బోల్టును సుత్తితో కొట్టి దించితే మర పాడవుతుంది. అప్పటికీ కుదరకపోతే పాతదాన్ని పక్కన పెట్టి, రెంటినీ పూర్తిగా లాగి, పొడవు పోల్చండి.

కింది బోల్టును చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చివరిగా బిగించాలి అంటారు, ఎందుకు?

కింది కన్నులో రబ్బరు బుష్ ఉంటుంది. బోల్టు బిగించిన భంగిమలో ఆ రబ్బరు పట్టుబడిపోతుంది. ఇరుసు వేలాడుతున్నప్పుడు బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడి, నడిచినంతకాలం మెలికలోనే ఉండి, తొందరగా చిరిగి కిర్రుమంటుంది. అందుకే ముందు చేత్తో బిగించి ఉంచి, కారు బరువు చక్రాల మీదకు వచ్చాక టార్క్ రెంచ్‌తో పూర్తిచేయాలి. నేల మీద పానా అందకపోతే, కారు స్టాండ్ల మీద ఉండగానే జాకీతో ఇరుసును మామూలు ఎత్తుకు తెచ్చి బిగించవచ్చు.

నా కారులో సీఎన్‌జీ సిలిండరు ఉంది. నేను చేసుకోవచ్చా?

పై బిగింపు చక్రం గూడులో ఉంటే చేసుకోవచ్చు. డిక్కీలో సిలిండరు వెనక ఉంటే వద్దు. సిలిండరు పట్టీలు, గొట్టాలు కదిలించే పని ఆ కిట్టు బిగించేందుకు అనుమతి ఉన్నవారిదే. సిలిండరు బరువు ఎప్పుడూ వెనకే ఉంటుంది కాబట్టి స్ప్రింగులు ఎలా ఉన్నాయో కూడా చూడండి.

## ముందు స్ట్రట్లు మార్చేటప్పుడు

స్ట్రట్‌ను మొత్తంగా విప్పి షెడ్డుకు తీసుకెళ్లవచ్చా?

నిక్షేపంగా. ఇంట్లో చేసుకునేవారికి నేను సూచించే పద్ధతి ఇదే. రెండు ముందు చక్రాలనూ లేపితే స్టెబిలైజర్ బార్ మీద ఒత్తిడి ఉండదు, లింకు సులువుగా వస్తుంది. స్ట్రట్‌కు తగిలించిన బ్రేకు గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు విడదీయండి. నకిల్‌కు, అంటే చక్రాన్ని పట్టి ఉంచే లోహపు ముక్కకు, బిగించిన రెండు బోల్టులు తీసే ముందు, స్ట్రట్‌కూ నకిల్‌కూ కలిపి పెయింటుతో గీత పెట్టుకోండి, తిరిగి అదే చోట బిగించడానికి పనికొస్తుంది. నకిల్‌ను తీగతో పైకి కట్టేయండి. అది బయటికి వాలిపోతే బ్రేకు గొట్టం సాగుతుంది, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడవచ్చు. చివరగా, కింద స్ట్రట్‌ను ఒకరు పట్టుకుంటే, పైన బాడీకి బిగించిన నట్లు ఇంకొకరు తీయాలి. కుడి ఎడమలు రాసి పెట్టుకుని, కొత్త విడిభాగాలతో పాటు షెడ్డుకు ఇవ్వండి. స్ప్రింగు నొక్కే గట్టి యంత్రం ఉన్న షెడ్డులో ఆ పని కొద్దిసేపట్లో అయిపోతుంది.

బానెట్ తీస్తే స్ట్రట్ మధ్యలో పెద్ద నట్టు కనబడుతోంది. ముందు అదే విప్పాలా?

వద్దు, వద్దు. నొక్కి ఉంచిన స్ప్రింగును పట్టి ఉంచేది ఆ నట్టే. స్ట్రట్ బయట ఉన్నప్పుడు దాన్ని విప్పితే, స్ప్రింగు పై మౌంటును తుపాకీ గుండులా విసురుతుంది. చేతులు, దవడలు విరిగేంత శక్తి అది. కొన్ని కార్లలో బాడీని పట్టే నట్టు కూడా మధ్యలోనే ఉంటుంది. అలాంటి కారైతే ఏది ఏ నట్టో సర్వీసు మాన్యువల్‌లోని బొమ్మ చూసి నిర్ధారించుకోకుండా పానా పెట్టకండి.

స్ప్రింగును నొక్కి పట్టే స్ప్రింగ్ కంప్రెసర్ కొని నేనే విప్పితే?

నేను వద్దనే చెబుతాను. మార్కెట్లో చవకగా దొరికే రెండు కొక్కేల కంప్రెసర్లు సన్నగా ఉంటాయి, కొక్కెం స్ప్రింగు చుట్టు మీద జారుతుంది. అయినా చేయాలని నిశ్చయించుకుంటే వీటిని వదలకండి: మరకు గ్రీజు రాయాలి, రెంటినీ సరిగ్గా ఎదురెదురుగా పెట్టాలి, వీలైనన్ని చుట్లు పట్టాలి, రెంటినీ కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించాలి, గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్ వాడకూడదు. స్ప్రింగు సీటులో వదులుగా కదిలేదాకా నట్టు ముట్టుకోకూడదు. ముఖం, ఛాతీ స్ప్రింగు కొనకు ఎదురుగా ఎప్పుడూ ఉండకూడదు.

అమెరికాలో ఉంటాను. ఇక్కడ మొత్తం స్ట్రట్ బిగించినదే దొరుకుతుందట, తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. స్ప్రింగు, మౌంటు, బేరింగు అన్నీ బిగించి వచ్చే స్ట్రట్లు అక్కడ చాలా మోడళ్లకు దొరుకుతాయి. ఖర్చు ఎక్కువైనా స్ప్రింగు విప్పే ప్రమాదం పూర్తిగా తప్పుతుంది. మంచు కురిసే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి బోల్టుల తుప్పుకు ఎక్కువ సమయం ఉంచుకోండి. అద్దె అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో కారు పని చేయకూడదనే నిబంధన ఉండవచ్చు, ఒప్పందం చదువుకోండి.

## పని అయ్యాక

వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరా?

ముందు స్ట్రట్లు మారిస్తే తప్పనిసరి. పెయింటు గీత దగ్గరే బిగించినా కోణంలో చిన్న తేడా వస్తుంది, అది టైరు లోపలి అంచును తినేస్తుంది. అలైన్‌మెంట్ దుకాణం దాకా నెమ్మదిగా వెళ్లండి. బీమ్ ఉన్న కార్లలో వెనక షాక్‌లు మాత్రమే మారిస్తే చక్రాల కోణం మారదు, కాబట్టి అక్కర్లేదు.

నట్లు ఎంత బిగించాలి?

ప్రతి నట్టుకూ మీ కారు సర్వీసు మాన్యువల్‌లో అంకె ఉంటుంది, దాన్నే పాటించండి. చిన్న కార్లలో చక్రం నట్లకు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల లోపు ఉంటుంది. చక్రం నట్లను ఎదురెదురుగా మార్చి మార్చి బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ రెంచ్ పెట్టి చూడండి. షాక్ పై నట్టును అతిగా బిగిస్తే రబ్బరు చితికిపోతుంది.

కొత్తవి వేశాక కారు గట్టిగా ఉంది. తప్పు జరిగిందా?

జరగలేదు. అరిగినవాటి మెత్తదనానికి అలవాటుపడిన శరీరానికి కొత్తవి బిర్రుగా అనిపిస్తాయి. కొన్ని వందల కిలోమీటర్లలో సీలు, బుష్‌లు కొంచెం సర్దుకుంటాయి. టైర్లలో గాలి ఎక్కువుందేమో కూడా చూడండి. ప్రతి గుంతలో ఢాం అని తగులుతుంటే మాత్రం అది గట్టిదనం కాదు, బంప్ స్టాప్ లేదనో తప్పు విడిభాగమనో అర్థం.

మార్చాక కొత్త చప్పుడు మొదలైంది. ఎక్కడ వెతకాలి?

ముందు పై నట్టు వదులుగా ఉందేమో చూడండి, ఎక్కువగా అదే. తర్వాత స్టెబిలైజర్ లింకు నట్టు, వరస మారిన వాషరు, తిరిగి పెట్టడం మరిచిన బ్రేకు గొట్టం క్లిప్పు. ముందు వైపు స్టీరింగు తిప్పితేనే శబ్దం వస్తే స్ప్రింగు కొన సీటులోని మెట్టుకు ఆని కూర్చోలేదేమో చూపించండి. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు టైరుకు రాసుకుంటున్నాయేమో స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడటం చప్పుడు లేకపోయినా చేయాలి.

పాత షాక్‌లను ఏం చేయాలి?

పాత ఇనుము కొనేవారికి ఇవ్వండి, లోపల నూనె, గ్యాస్ ఉన్నాయని చెప్పి ఇవ్వండి. ఇంట్లో రంధ్రం చేయడం, కోయడం, మంటలో వేయడం చేయకండి. నూనె కారుతుంటే ప్లాస్టిక్ సంచిలో చుట్టండి. కింద పడిన నూనెను ఇసుకతోనో రంపపు పొట్టుతోనో అద్ది తీయాలి, నీళ్లు కొట్టి కాలువలోకి పంపకూడదు.